చిట్టెలుక ఎన్‌కె (నేచురల్ కిల్లర్) కణాలు టార్గెట్లను చంపడం లేదు – 50:1 దగ్గర కూడా 6 శాతమే, సాయం కావాలి

సంజన_పీహెచ్‌డీ

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. కణితి కణాల్నీ వైరస్ సోకిన కణాల్నీ చంపే తెల్ల రక్తకణాలైన ఎన్‌కె కణాల మీద పని చేస్తూ మూడు వారాలుగా ఒకే చోట ఆగిపోయాను. దయచేసి కాస్త చూసి చెప్పండి.

7 వారాల వయసున్న బ్లాక్ సిక్స్ జాతి చిట్టెలుకల ప్లీహం తీసి, నలిపి జల్లెడ పట్టి, ఎర్రకణాలను అమ్మోనియం క్లోరైడ్‌తో పగలగొట్టి, మిగిలిన కణాలన్నిటినీ ఎఫెక్టర్లుగా, అంటే చంపాల్సిన కణాలుగా, వేస్తున్నాను. చావాల్సిన టార్గెట్ యాక్-1 అనే చిట్టెలుక కణితి కణాలు. రేడియోధార్మిక క్రోమియం వాడటానికి మా ల్యాబుకు అనుమతి లేదు. అందుకని టార్గెట్లలో కాల్సీన్ అనే మెరిసే రంగు నింపి, నాలుగు గంటల తర్వాత బయటికొచ్చిన వెలుగును కొలుస్తున్నాను. వెల్‌కి 10,000 టార్గెట్లు, అన్నీ ట్రిప్లికేట్‌లో.

ఒక్కో టార్గెట్‌కు ఎన్ని ఎఫెక్టర్లు అన్న రేషియోతో చచ్చినవాటి శాతం ఇదీ: 100:1 దగ్గర 9 శాతం, 50:1 దగ్గర 6, 25:1 దగ్గర 3. ఎఫెక్టర్లు లేని వెల్స్‌లోనే 34 శాతం లీకవుతోంది. మా పక్క బెంచి మీద ఒక సీనియర్ మనిషి రక్తకణాలతో కె562 అనే మనిషి లుకేమియా కణాల మీద చేస్తారు, ఆయనకు 25:1 దగ్గరే 40 దాటుతుంది. మా గైడ్ ప్లేటు చూసి "తేడా నీ చేతిలోనే ఉందేమో చూసుకో" అన్నారు. ఇప్పటికి 12 జంతువులు పోయాయి. నమ్మదగిన గీత ఒక్కటీ రాలేదు. అన్నిటికంటే అదే ఎక్కువ బాధగా ఉంది.

అసలు నా ప్రశ్న వేరు: నిద్ర చెడితే ఈ కణాల చంపే శక్తి తగ్గుతుందా అని. కానీ మామూలు జంతువులోనే చంపడం కనబడకపోతే తగ్గిందని ఎలా చెప్పగలను?

గుళికలవేట

సంజన గారూ, ముందు ఆ 34 శాతం సంగతి తేల్చుకోండి. మిగతాదంతా తర్వాత.

మనం వేసే లెక్క ఏమిటి? పరీక్ష వెల్‌లో వచ్చినదాంట్లోంచి దానంతటదే లీకైనది తీసేసి, డిటర్జెంటు పోసి పూర్తిగా పగలగొట్టిన వెల్‌కీ ఆ లీకేజీకీ ఉన్న తేడాతో భాగిస్తాం. లీకేజీ పెరిగేకొద్దీ ఆ తేడా ఇరుకవుతుంది, పిపెట్‌లో దొర్లిన చిన్న పొరపాటు కూడా పెద్దదై కనబడుతుంది. 20 దాటితే ఆ ప్లేటును నేను లెక్కలోకే తీసుకోను.

మీ యాక్-1 ఫ్లాస్కు ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. మీడియం పసుపు రంగుకు తిరిగి ఉంటే అవి కిక్కిరిసి, సగం చావుకు దగ్గరగా ఉన్నట్టే. ముందు రోజు పలచన చేసి కొత్త మీడియం ఇవ్వండి, జోరుగా పెరుగుతున్నప్పుడు మాత్రమే వాడండి. ఇంకోటి, కాల్సీన్ అన్ని కణాల్లోనూ ఒకేలా నిలవదు. కొన్ని కణాలు దాన్ని పంపుల ద్వారా బయటికి నెట్టేస్తాయి. మీ యాక్-1లో గంటగంటకీ ఎంత కారుతోందో ఒక ప్లేటు పెట్టి చూసుకుంటే నాలుగు గంటలు ఉంచాలా, మూడు చాలా అన్నది తేలిపోతుంది. దానికి జంతువు అక్కర్లేదు.

ఫ్లో_రాణి

50:1 అంటున్నారు. ఆ 50లో ఎన్‌కె కణాలు ఎన్ని?

మొత్తం ప్లీహం కణాలు వేశారు కదా. అందులో ఎక్కువ భాగం బి కణాలు, టి కణాలు. చిట్టెలుక ప్లీహంలో ఎన్‌కె కణాలు 2 నుంచి 4 శాతం దాకా ఉంటాయి. 3 అనుకుందాం. అప్పుడు మీ 50:1 నిజానికి 1.5:1. మీ సీనియర్ వాడే మనిషి రక్తకణాల్లో అవి 10 శాతం ఉన్నాయనుకుంటే ఆయన 25:1 అంటే 2.5:1. కాగితం మీద మీ రేషియో రెట్టింపు, వెల్‌లో మాత్రం ఆయనవే ఎక్కువ. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు. మీ చేతిని అనుమానించే ముందు ఇది చూడాల్సింది.

ప్రతి జంతువు ప్లీహంలోంచి చెంచాడు కణాలు పక్కకు తీసి ఎన్‌కె1.1 (ఎన్‌కె కణాల గుర్తు), సీడీ3 (టి కణాల గుర్తు) రంగులు వేసి ఫ్లోలో, అంటే కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసే యంత్రంలో, చూడండి. మొదటిది ఉండి రెండోది లేనివి మీకు కావలసినవి. ఎప్పుడైనా బాల్బ్/సి జాతికి మారితే జాగ్రత్త, అక్కడ ఎన్‌కె1.1ను పట్టే పీకే136 యాంటీబాడీ అతుక్కోదు, ఎన్‌కె కణాలే లేవనుకుంటారు. అక్కడ ఎన్‌కెపీ46 గానీ డీఎక్స్5 గానీ వాడాలి.

నిర్వాహకుడు

చిన్న మనవి. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఈ చర్చలో మౌస్‌ను "చిట్టెలుక" అనీ, ర్యాట్‌ను "ర్యాట్" అనీ రాద్దాం. రెంటినీ ఎలుక అంటే ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియక తికమక అవుతోంది.

సంజన_పీహెచ్‌డీ

ఫ్లాస్కు విషయంలో మీరన్నది అక్షరాలా నిజం సార్. సోమవారం పలచన చేసి బుధవారం వాడుతున్నాను, అప్పటికి పసుపు తిరిగిపోతోంది. ముందు రోజే మీడియం మార్చి, మూడు గంటలకు తగ్గించాను. లీకేజీ 15కి దిగింది. గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా విడివిడిగా కనబడటం ఇదే మొదటిసారి.

ఫ్లో కూడా చేశాను మేడమ్. 2.6 శాతం. అంటే నా 50:1 నిజానికి 1.3:1.

కానీ చంపడం మాత్రం 50:1 దగ్గర 8 శాతమే. ప్లేటు శుభ్రంగా ఉంది, అంకె మాత్రం చిన్నదే. ఇప్పుడేం చెయ్యాలి?

గుళికలవేట

ఇప్పుడొచ్చింది అసలు సంగతి. మీ అంకె తప్పు కాదు. నిజంగానే ఆ కణాలు అంతే చంపుతున్నాయి.

శుభ్రమైన పంజరంలో, రోగక్రిములు సోకకుండా పెరిగిన చిట్టెలుక ఎన్‌కె కణాన్ని తీసి లోపల వెతికితే గ్రాంజైమ్ ఎ ప్రొటీన్ దొరుకుతుంది. అసలు పని చేసేవి టార్గెట్‌కు రంధ్రం చేసే పెర్ఫోరిన్, లోపలికి వెళ్ళి చంపే గ్రాంజైమ్ బి. అవి మాత్రం ప్రొటీన్లుగా దాదాపు కనబడవు. కానీ ఆ రెండింటి ఎమ్ఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి నమూనా) మాత్రం పుష్కలంగా ఉంటుంది. ఆయుధం నమూనా గీసి పెట్టి ఉంది, కొలిమి ఇంకా రాజెయ్యలేదు. ఐఎల్-15 లాంటి సంకేతం తగిలితే కొత్తగా ఎమ్ఆర్ఎన్ఏ పెద్దగా పెరగక్కర్లేదు, ఉన్నదాని నుంచే ప్రొటీన్ తయారవుతుంది. ఒకటి రెండు రోజుల్లో అదే కణం హంతకి అవుతుంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో టాడ్ ఫెనిగర్, టిమోతీ లే బృందం 2007లో దీన్ని చూపించారు. ఆ పేపరు చదివిన రోజు నా పాత నోటుపుస్తకాలన్నీ మళ్ళీ తెరిచాను. "పనిచెయ్యలేదు" అని కొట్టేసిన ప్లేట్లలో చాలావరకు పనిచేసినవే.

మనిషి రక్తంలో తిరిగే ఎన్‌కె కణాలు అలా కాదు. వాటిలో చాలావరకు పెర్ఫోరిన్, గ్రాంజైమ్ బి సిద్ధంగా నింపుకునే తిరుగుతాయి. మీ సీనియర్ 40కీ మీ 8కీ మధ్య ఉన్నది మీ చెయ్యి కాదమ్మా, రెండు జాతుల అలవాటు.

అందుకని జంతువుకు ముందు రోజు పాలీ ఐసీ ఇవ్వండి, అది వైరస్ ఆర్ఎన్ఏను పోలిన కృత్రిమ పదార్థం. వైరస్ వచ్చిందనుకుని శరీరం ఇంటర్‌ఫెరాన్ విడుదల చేస్తుంది, ఎన్‌కె కణాలు మేల్కొంటాయి. 100 మైక్రోగ్రాములు కడుపు కుహరంలోకి ఇవ్వడం మామూలు పద్ధతి. మీ జంతు నైతిక కమిటీ అనుమతిలో అది ఉందో లేదో ముందు చూసుకోండి, లేకపోతే సవరణకు పెట్టాలి.

ఫ్లో_రాణి

ఇక్కడ నేను ఒప్పుకోను. ఆవిడ ప్రశ్న నిద్ర గురించి. నిద్ర లేకపోవడం వల్ల వచ్చే మార్పు పెద్దదేం కాకపోవచ్చు. పాలీ ఐసీతో ఇంటర్‌ఫెరాన్ వరద పారిస్తే రెండు గుంపులూ ఒకే ఎత్తుకు లేచి ఆ చిన్న తేడా మునిగిపోతుంది. అంకె పెద్దదవుతుంది సరే, జవాబు పోతుంది.

నేనైతే విశ్రాంతిలో ఉన్న కణాల్నే చూస్తాను. ప్లీహం నుంచి ఎన్‌కె కణాల్ని అయస్కాంతపు పూసలతో వేరు చేసి, నిజమైన రేషియోతో వేసి, చంపడంతో పాటు సీడీ107ఎ కూడా కొలుస్తాను. పెర్ఫోరిన్, గ్రాంజైమ్‌లను మోసే సంచిని గుళిక అంటాం, అది వెళ్ళి కణం పొరకు అతుక్కున్నప్పుడు బయటపడే గుర్తు సీడీ107ఎ. గుళిక బయటికొచ్చిందా, వచ్చినా అందులో సరుకు లేదా అన్నది అప్పుడు విడివిడిగా తెలుస్తుంది.

గుళికలవేట

మీరన్నది సబబే. నేను పరీక్షను నిలబెట్టడం గురించి చెప్పాను, మీరు ప్రశ్నను కాపాడటం గురించి చెప్పారు. రెండూ కావాలి. పాలీ ఐసీ గుంపు ప్రశ్నకు జవాబు కాదు, అది ప్లేటుకు సాక్షి. ప్రతిసారీ ఒకే ఒక్క జంతువుకు ఇచ్చినా చాలు: అది బాగా చంపి, విశ్రాంతి గుంపు చంపకపోతే ప్లేటు పనిచేసినట్టే.

దానికి ఎదురు సాక్షి కూడా పెట్టండి. కొన్ని వెల్స్‌లో కాల్షియంను పట్టేసే ఈజీటీఏ, దానితో పాటు మెగ్నీషియం. కాల్షియం లేకపోతే గుళికలు బయటికి రావు, పెర్ఫోరిన్ రంధ్రం చెయ్యలేదు. అక్కడ చంపడం పడిపోతే మీరు కొలుస్తున్నది గుళికల పనే అని తేలుతుంది. దీనికి అదనపు జంతువు అక్కర్లేదు. పీకే136 ఇచ్చి ఎన్‌కె కణాల్ని తీసేసిన జంతువు ఒకటి ఉంటే ఇంకా గట్టిగా ఉంటుంది. ఒకప్పుడు దీనికి బీజ్ చిట్టెలుకల్ని వాడేవాళ్ళు. వాటిలో లిస్ట్ జన్యువు చెడి గుళికలు పెద్ద ముద్దలై ఉంటాయి, ఎన్‌కె కణాలు ఉన్నా సరిగా చంపలేవు. 1979 నుంచీ తెలిసిన సంగతే.

సూటి_మాట

ఇదంతా చదువుతుంటే నాకు ఒకటే అనిపిస్తోంది. చిట్టెలుక ఈ పనికి తప్పు జంతువు. మనిషి ఎన్‌కె కణం ఎమ్‌హెచ్‌సిని (కణాలు పైన మోసే సొంత గుర్తును) చదివే గ్రాహకాలు కేఐఆర్ కుటుంబం, చిట్టెలుకవి ఎల్‌వై49. వంశమే వేరు, నిర్మాణమే వేరు. గ్రాంజైమ్ బి కూడా ఒకేలా పనిచెయ్యదు: మనిషిది బిడ్ అనే ప్రొటీన్‌ను కోసి మైటోకాండ్రియా దారిన చంపుతుంది, చిట్టెలుకది బిడ్‌ను అంత బాగా కొయ్యలేదు, ఎక్కువగా నేరుగా కాస్పేజ్‌లనే చావు ఎంజైమ్‌ల మీద ఆధారపడుతుంది. పైగా గుళికలు ఖాళీ అని మీరే అంటున్నారు. నేక్డ్ మోల్ ర్యాట్‌లోనైతే మనకు తెలిసిన రూపంలో ఎన్‌కె కణాలే కనబడలేదని 2019లో వచ్చింది, అదీ క్యాన్సర్ అరుదుగా వచ్చే జంతువు. కొరికే జంతువులన్నీ ఒకటే అనుకుని వాటి నుంచి మనిషికి గీత గియ్యడం ఎందుకు? రక్తం ఇవ్వడానికి మనుషులున్నారు. వాళ్ళ కణాలతో చెయ్యండి. 12 ప్రాణాలు మిగిలేవి.

పిల్లల_డాక్టరమ్మ

సూటి_మాట గారూ, మీ ఆవేదన నాకు అర్థమైంది. కానీ నా వైపు నుంచి ఒకటి చెప్పనివ్వండి.

పిల్లల్లో ఒక జబ్బు ఉంది, కుటుంబపరంగా వచ్చే హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్. పేరు పలకడమే కష్టం, మేం హెచ్ఎల్‌హెచ్ అంటాం. నెలల పసివాడు, తగ్గని జ్వరం, పొట్ట తడితే చేతికి తగిలే ప్లీహం, రోజురోజుకీ పడిపోయే రక్తకణాలు, వేలల్లోకి ఎగబాకే ఫెర్రిటిన్ (ఇనుమును నిలవచేసే ప్రొటీన్). ఎన్ని యాంటీబయాటిక్‌లు పోసినా జ్వరం దిగదు. అలాంటి ఒక బిడ్డ రక్తానికి ఫ్లోలో పెర్ఫోరిన్ రంగు వేసి చూశాను. పక్కన పెట్టిన ఆరోగ్యవంతుడి ఎన్‌కె కణాల గీత కుడివైపు కొండలా లేచి ఉంది. ఈ బిడ్డది ఎడమవైపు గోడకు అతుక్కుపోయి ఉంది, రంగు వెయ్యని గొట్టంతో సరిగ్గా ఒకదాని మీద ఒకటి. కణాలు ఉన్నాయి, ఆయుధం లేదు. ఆ తెర ముందు నుంచి లేవడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ గీత అర్థమేమిటో నాకు నేర్పింది చిట్టెలుకలే. 1994లో జ్యూరిక్‌లో డేవిడ్ కేగి, హాన్స్ హెంగార్ట్నర్ బృందం పెర్ఫోరిన్ జన్యువు తీసేసిన చిట్టెలుకను తయారుచేసి, దాని ఎన్‌కె కణాలూ సీడీ8 టి కణాలూ సరిగా చంపలేవని, ఎల్‌సీఎమ్‌వీ అనే వైరస్‌ను వదిలించుకోలేవని చూపించారు. ఈ పిల్లల్లో కొందరికి అదే జన్యువు చెడిందని 1999లో బయటపడింది. 2004లో ఆ చిట్టెలుకలకే ఆ వైరస్ సోకిస్తే అచ్చం ఈ జబ్బే వచ్చింది: జ్వరం, పెద్ద ప్లీహం, పడిపోయిన రక్తకణాలు. అప్పుడు తేలింది అసలు విషయం. టార్గెట్ చావదు కాబట్టి టి కణానికి సంకేతం ఆగదు, అది ఇంటర్‌ఫెరాన్ గామా పోస్తూనే ఉంటుంది, బిడ్డను కాల్చేది అదే. ఇంటర్‌ఫెరాన్ గామాను అడ్డుకుంటే ఆ చిట్టెలుకలు బతికాయి. దాన్నే అడ్డుకునే ఎమపాలుమాబ్ మందుకు 2018లో అమెరికా ఔషధ సంస్థ అనుమతిచ్చింది. శాశ్వత పరిష్కారం ఇప్పటికీ మూలకణ మార్పిడే. కానీ మార్పిడి దాకా బిడ్డను నిలబెట్టాలి కదా.

మనిషి రక్తం సీసాలో ఈ కథ కనబడదు. చంపలేని కణం ఒళ్ళంతటినీ ఏం చేస్తుందో చూడాలంటే మొత్తం శరీరం కావాలి.

సూటి_మాట

డాక్టరు గారూ, ఇది నాకు తెలియదు. రెండుసార్లు చదివాను. "తప్పు జంతువు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. జాతుల తేడాలను థీసిస్‌లో మొదటి పేజీల్లోనే స్పష్టంగా రాయాలన్నది మాత్రం వదులుకోను.

గుళికలవేట

వదులుకోవద్దు, అది రాయాల్సిందే. ఒకటి మాత్రం కలుపుతాను. ఈ కణాలు ఉన్నాయని తెలిసిందే చిట్టెలుక ప్లీహం వల్ల. 1975లో స్టాక్‌హోమ్‌లో రోల్ఫ్ కీస్లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్జెల్, అమెరికాలో రొనాల్డ్ హెర్బర్‌మన్ బృందం, ఎవరికి వారు ఒకే వింత చూశారు. ఎన్నడూ టీకా ఇవ్వని, ఏ కణితీ ఎరగని జంతువు కణాలు కూడా లుకేమియా కణాల్ని చంపుతున్నాయి. అప్పటిదాకా అలాంటివాటిని ప్రయోగంలో చెత్త కింద తీసేసి లెక్క వేసేవాళ్ళు. టి కణాలు ఎదిగే థైమస్ గ్రంథి లేని నగ్న చిట్టెలుకల్లో ఆ శక్తి ఇంకా ఎక్కువగా కనబడటంతో ఇవి టి కణాలు కావని గట్టిపడింది.

తర్వాత 1986లో క్లాస్ కారె బృందం ఆర్ఎమ్ఏ-ఎస్ అనే లింఫోమాతో చేసిన పని. అది ఎమ్‌హెచ్‌సి పోగొట్టుకున్న రకం. తోటి కణితి ఆర్ఎమ్ఏ ఎమ్‌హెచ్‌సితో పెరిగి జంతువును చంపేస్తే, ఇది తక్కువ మోతాదులో ఎక్కించినప్పుడు పెరగలేకపోయింది. ఎన్‌కె కణం శత్రువు గుర్తు కోసం కాకుండా, ఉండాల్సిన సొంత గుర్తు లేకపోవడాన్ని వెతుకుతుందన్న ఆలోచన నిలబడింది అక్కడే.

ర్యాట్_మాస్టారు

చిట్టెలుకల మధ్య ర్యాట్‌ను మరిచిపోకండి. సంజన గారి ప్రశ్నకు అది ఇంకా బాగా సరిపోవచ్చు. రక్తం ఎక్కువ ఉంటుంది కాబట్టి తోక నుంచి పలుమార్లు కొద్దికొద్దిగా తీసి ఒకే జంతువును నిద్ర చెడగొట్టే ముందూ తర్వాతా చూడొచ్చు. జంతువుల సంఖ్య తగ్గుతుంది. టార్గెట్‌గా అదే యాక్-1 పనికొస్తుంది. కణాల్ని గుర్తించడానికి వాటి పైనుండే ఎన్‌కెఆర్-పీ1ఎ అనే గ్రాహకం మీద 3.2.3 అనే యాంటీబాడీ 1989 నుంచీ ఉంది. ఓస్లోలో బెంట్ రోల్‌స్టాడ్ బృందం మరో జాతి ర్యాట్ లింఫోసైట్లను ఎక్కిస్తే, ముందుగా ఏ పరిచయమూ లేకుండానే ఎన్‌కె కణాలు వాటిని వేగంగా తుడిచేస్తాయని చూపించింది, అదీ ప్లేటులో కాదు, బతికున్న జంతువులో.

సందేహి

నేను సైన్సు మనిషిని కాను. మా నాన్నగారికి రక్త క్యాన్సర్. ఎన్‌కె కణాలతో చిట్టెలుకల్లో క్యాన్సర్ నయమైందని ఎక్కడో చదివి వెతుకుతూ ఇక్కడికి వచ్చాను. అది మనుషులకు పనిచేస్తుందా?

పిల్లల_డాక్టరమ్మ

మీ నాన్నగారు కోలుకోవాలి. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

చిట్టెలుకలో నయమైందంటే ఎక్కువసార్లు అర్థం: రోగనిరోధక శక్తి తీసేసిన జంతువులో మనిషి కణితి పెంచి, బయట పెంచిన ఎన్‌కె కణాలు ఎక్కించారు అని. అది మొదటి మెట్టు. మనుషుల్లోనూ మొదలైంది. బొడ్డుతాడు రక్తం నుంచి తీసి, బి కణాల మీదుండే సీడీ19ను గుర్తించేలా మార్చిన ఎన్‌కె కణాల్ని హ్యూస్టన్‌లోని ఎమ్‌డీ ఆండర్సన్ కేంద్రంలో 11 మందికి ఇచ్చారు. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో 8 మందిలో జబ్బు స్పందించింది, 7గురిలో కనబడకుండా పోయింది. ఆశ పుట్టించే ఫలితమే. కానీ 11 మంది చాలా చిన్న సంఖ్య, అదీ బి కణాల రకం జబ్బులకే. వాళ్ళలో చాలామందికి తర్వాత వేరే చికిత్స కూడా ఇచ్చారు. మీ నాన్నగారిది ఏ రకమో ఆయన డాక్టర్ని అడిగి, ఆ రకానికి నమోదైన ట్రయల్ ఏదైనా ఉందా అని కనుక్కోండి. డబ్బు తీసుకుని ట్రయల్ బయట "ఎన్‌కె ఇంజెక్షన్" ఇస్తామనేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి.

సందేహి

ధన్యవాదాలమ్మా. రేపే అడుగుతాను.

సంజన_పీహెచ్‌డీ

పది రోజుల తర్వాత వస్తున్నాను. కమిటీ అనుమతిలో పాలీ ఐసీ ముందే ఉంది, అదృష్టం. ఈసారి 4 జంతువులే. ఎన్‌కె శాతం చూసి నిజమైన రేషియోలు రాసుకున్నాను. లీకేజీ 13.

విశ్రాంతి జంతువులు రెండింట్లో 50:1 దగ్గర 7, 8 శాతం. ముందు రోజు పాలీ ఐసీ ఇచ్చినదాంట్లో 31. అదే కణాలు ఈజీటీఏ వెల్స్‌లో 4. పాలీ ఐసీతో పాటు పీకే136 కూడా ఇచ్చినదాంట్లో 3. విశ్రాంతి కణాల్లో సీడీ107ఎ స్పష్టంగా పైకి వచ్చింది, చంపడం మాత్రం లేదు. అంటే గుళిక బయటికొస్తోంది, లోపల సరుకు లేదు. ఫ్లో_రాణి మేడమ్ అన్నట్టే విడివిడిగా కనబడింది.

ప్లేటు కాగితం మా గైడ్ బల్ల మీద పెట్టాను. చాలాసేపు చూసి "దీన్ని మొదటి ఫిగర్ చెయ్" అన్నారు. నిద్ర ప్రయోగం ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

ర్యాట్_మాస్టారు

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ప్లీహం రోజూ ఏ వేళకు తీస్తున్నారు? ఇవి రాత్రి తిరిగే జంతువులు. ఎఫ్344 అనే జాతి ర్యాట్ ప్లీహం ఎన్‌కె కణాల్లో గ్రాంజైమ్ బి, పెర్ఫోరిన్ రోజులో వేళను బట్టి ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. నిద్ర చెడిన గుంపును పొద్దున, మామూలు గుంపును మధ్యాహ్నం తీస్తే మీరు కొలిచేది గడియారాన్నే.

సంజన_పీహెచ్‌డీ

నోటుపుస్తకం తిరగేశాను మాస్టారూ. ఇప్పటిదాకా కొన్ని పొద్దున 9కి, కొన్ని సాయంత్రం 4కి తీశాను, ఫ్లో యంత్రం ఖాళీని బట్టి. ఇకనుంచి అన్నీ గదిలో దీపాలు వెలిగిన మూడు గంటలకే. యంత్రం ఆ వేళకే బుక్ చేశాను. మొదటి ప్లేటు గురువారం, గీతలు ఇక్కడే పెడతాను.